కదలని వాళ్ల లెక్క

పరిశోధనశాలలో ఆమెను అందరూ చుక్కలమ్మ అనేవాళ్లు. చీమల ఒంటి మీద రంగు చుక్కలు పెట్టడం ఆమె పని. మంచుగడ్డ మీద కాసేపు ఉంచితే చీమ చలికి మగతగా పడి ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో సూక్ష్మదర్శిని కింద, సన్నని తీగ కొనకు రంగు అద్ది, తల మీద ఒకటి, నడుము మీద ఒకటి, పొట్ట మీద రెండు చుక్కలు పెట్టాలి. బియ్యపు గింజలో సగం కూడా ఉండని ప్రాణి. చుక్క కాస్త పెద్దదైతే కళ్లు మూసుకుపోతాయి, కాళ్లు అతుక్కుపోతాయి. పంతొమ్మిదేళ్లలో ఆమె చేతిలో అలా పాడైన చీమల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎరుపు, తెలుపు, నీలం, పసుపు, ఆ రంగుల వరసే చీమ పేరు. కొన్నిటికి ఆమె సొంతంగా కూడా పేర్లు పెట్టుకునేది. ఎప్పుడూ గుమ్మంలోనే తచ్చాడుతూ వచ్చేపోయేవాళ్లను తడిమి చూసే ఒకదాన్ని ‘పక్కింటి పిన్నిగారు’ అనేది.

ఆ చీమలు రెండు గాజు పలకల మధ్య సందులో కాపురం ఉండేవి. పై పలక తీసేస్తే ఇల్లు కూలినట్టే. అప్పుడవి కొత్త ఇల్లు ఎలా వెతుక్కుంటాయి, వంద ప్రాణాలు ఒక్క మాట మీదికి ఎలా వస్తాయి అన్నది అక్కడి పరిశోధన. ముందు కొన్ని బయల్దేరతాయి. ఒకటి ఏదో సందులో దూరి, చీకటిగా ఉందా, గుమ్మం ఇరుకుగా ఉందా, చోటు సరిపోతుందా అని లోపలంతా నడిచి చూసుకుంటుంది. నచ్చితే వెనక్కి వచ్చి ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని వెళ్తుంది. ఆ వెళ్లింది మళ్లీ తన కాళ్లతో తాను తిరిగి చూసుకుంటుంది. నచ్చితే అదీ ఇంకొకదాన్ని తెస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కొత్త ఇంట్లో తగినన్ని పోగయ్యాక ఇక ఆలోచన లేదు. మిగతావాటిని, పిల్లల్ని, రాణిని మోసుకొచ్చేయడమే. హుకుం జారీ చేసే చీమ ఒక్కటీ ఉండదు. రాణి కూడా సామానులా మోయించుకుని వస్తుంది.

ఈ మాట చెప్పే ప్రొఫెసర్ పేరు సంపాదించాడు. మనిషి చెడ్డవాడని చుక్కలమ్మ ఎప్పుడూ అనుకోలేదు. టీ తెచ్చుకుంటే ఆమెకూ ఒక కప్పు తెచ్చేవాడు. ఆమె నోటుపుస్తకాల్లోంచి తీసుకున్న అంకెలకు వ్యాసం చివర ఒక వాక్యంలో కృతజ్ఞతలు చెప్పేవాడు.

ఆయన ఉపన్యాసాల్లో జనం బాగా నవ్వేది ఒక్కచోట. “చీమంటే కష్టజీవి అనుకుంటాం. మా గూళ్లలో సగానికి పైగా చీమలు రోజంతా కదలకుండా కూర్చునే ఉంటాయి.” ఆ కదలని చీమల లెక్క చుక్కలమ్మదే. మూడేళ్లు పట్టింది. ఆ లెక్కకు రెండో సగం కూడా ఉంది. బాగా తిరిగే చీమల్ని గూట్లోంచి తీసేస్తే, రెండు వారాల్లో కదలని వాటిలోంచే కొన్ని లేచి ఆ పనుల్లోకి దిగాయి. కదలని వాటిని తీసేస్తే ఆ చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది, భర్తీ చేయడానికి ఎవరూ రాలేదు. ఈ రెండో సగం దగ్గర జనం నవ్వరు కాబట్టి ఉపన్యాసాల్లోంచి అది క్రమంగా జారిపోయింది.

ఒకరోజు ప్రొఫెసర్ పన్నెండు రోజుల వీడియోలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పార్శిళ్లు విడదీసే ఒక పెద్ద షెడ్డు అది. పైకప్పు నుంచి తీసినవి. మనుషుల మొహాలు కనబడవు, టోపీలే కనబడతాయి. ప్రతి టోపీ మీద నాలుగు రంగుల బిళ్లలు అతికించి ఉన్నాయి.

“ఇదేంటి సార్, మనుషులకూ చుక్కలేనా?” అంది ఆమె.

“చీమల్లాగే లెక్కపెట్టండి. మోస్తున్నారు, నడుస్తున్నారు, ఇంకొకరితో ఉన్నారు, కదలకుండా ఉన్నారు. నాలుగే గడులు. ఎవరెక్కడ అలిసిపోతున్నారో, ఎక్కడ రద్దీ అవుతోందో కంపెనీవాళ్లు తెలుసుకోవాలనుకుంటున్నారు.”

మూడోరోజు వీడియోలో ఆమె వేలు మీట మీదే ఆగిపోయింది. మూడు బెల్టులు కలిసే మూలలో ఒక టోపీ నిలబడి ఉంది. నీలం, నీలం, తెలుపు, ఆకుపచ్చ. కాసేపటికోసారి ఎడమకాలి మీది బరువు కుడికాలికి మార్చుకుంటోంది. చిన్నప్పుడు మెట్ల మీద నుంచి పడి విరిగిన ఎడమకాలు అది. ఆ మనిషి తన సొంత అక్క.

అక్క ఆ షెడ్డులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. కొత్త టోపీలిచ్చారనీ, లూడో కాయల్లా ఉన్నామనీ ఫోనులో నవ్వింది కూడా. చుక్కలమ్మకు ఆ క్షణంలో కలిగింది సంతోషమే. అక్క ఎంతసేపు నిలబడుతోందో పెద్దవాళ్ల కంట పడుతుంది, కనీసం ఒక స్టూలైనా వేయిస్తారు అనుకుంది. అందుకని అక్క దగ్గరికొచ్చేసరికి మరింత జాగ్రత్తగా లెక్కపెట్టింది. ఒక్క నిమిషం కూడా పోనివ్వలేదు. కదలకుండా, కదలకుండా, కదలకుండా అని మీట నొక్కుతూనే ఉంది. ప్రతి కాగితం కిందా అలవాటుగా సంతకం పెట్టింది.

ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున అక్క ఆమె ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండా నేరుగా వంటగదిలోకి వచ్చి, కవరు బల్ల మీద పడేసింది.

“చదువు. నాకు అర్థమైంది కరెక్టో కాదో చెప్పు.”

పద్నాలుగు మందిని పనిలోంచి తీసేశారు. ‘కదలికల శాస్త్రీయ అధ్యయనం ప్రకారం మీ పనివేళల్లో నూటికి డెబ్భై ఒక్క పాళ్లు నిష్క్రియంగా ఉన్నట్లు తేలినందున’ అని ఉంది.

“నిష్క్రియంగా అంటే పనీపాటా లేకుండా అనేగా? పదకొండేళ్లు నేను అక్కడ గోళ్లు గిల్లుకుంటూ నిలబడ్డానట. ఎవడే ఈ లెక్క కట్టింది? వాడు దొరికితే ఆ మూలలో ఒక్కపూట నిలబెడతాను,” అంది అక్క.

చుక్కలమ్మ అబద్ధమాడవచ్చు. అక్కకు ఎప్పటికీ తెలియదు కూడా. కానీ నోరు ముందే తెరుచుకుంది.

“నేనే అక్కా.”

“ఏంటి నువ్వే?”

“లెక్క కట్టింది. వీడియోలు చూసి. అది నువ్వేనని తెలిసే కట్టాను. ఎక్కువసేపు నిలబడుతున్నావని చూపిస్తే స్టూలు వేయిస్తారనుకున్నాను.”

అక్క తిట్టినా బాగుండేది. కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది: “ఒక్క ఫోను చేసి, అక్కా, అక్కడ నువ్వేం చేస్తుంటావు అని అడగాలనిపించలేదా నీకు?”

మర్నాడు పొద్దున్నే చుక్కలమ్మ ప్రొఫెసర్ గదిలోకి వెళ్లింది. తలుపు కొట్టలేదు. అంతకుముందెప్పుడూ అలా వెళ్లలేదు.

“పద్నాలుగు మందిని తీసేశారు సార్. మన లెక్కతో.”

ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. “అవును, విన్నాను. బాధాకరమే. కానీ మనం సలహా ఇవ్వలేదు కదా. కదలికల పట్టిక ఇచ్చాం, అంతే.”

“అలిసిపోతున్నవాళ్ల కోసం అన్నారు నాతో.”

“అదీ ఒక ఉద్దేశమే. తర్వాత వాళ్లు దాన్ని ఎలా వాడుకున్నారన్నది మన చేతిలో లేదు.”

“మరి ఎవరు నిర్ణయించారు?”

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఉపన్యాసం గొంతు వచ్చింది ఆయనకు. “చూడండి, పెద్ద సంస్థలో నిర్ణయం ఒక్క మనిషిది కాదు. మన గూడులాగే. చిన్న చిన్న సమాచారాలు కలుస్తాయి, ఒక హద్దు దాటతాయి, ఫలితం వస్తుంది. ఎవరూ నిర్ణయించలేదు అనడమే నిజానికి దగ్గర.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పంతొమ్మిదేళ్లు ఆ మాట విని తలూపిన మనిషే.

“గూడు గురించి నాకు చెప్పకండి సార్. తన కాళ్లతో వెళ్లి చూడని ఇంటికి ఒక్క చీమ ఇంకొకదాన్ని పిలవడం నేను చూడలేదు. వాడు చెప్పాడు, వీడు చెప్పాడు అని గుడ్డిగా పోవు. వెళ్లిన ప్రతిదీ మళ్లీ తాను చూసుకుంటుంది. ఆ షెడ్డులో మీరు అడుగుపెట్టారా? నేను పెట్టానా? ఎవరైనా పెట్టారా?”

“మీరు కాస్త ఆవేశంలో ఉన్నారు.”

“ఉన్నాను. కదలని చీమల్ని తీసేస్తే ఏమైందో ఆ రెండో సగం కంపెనీకి చెప్పారా?”

ఆయన కిటికీ వైపు చూశాడు. “వాళ్లు అడగలేదు,” అన్నాడు.

ఆ వారం అక్క ఫోను ఎత్తలేదు. బావ ఎత్తి, “పడుకుంది అమ్మా,” అని పట్టపగలు పదకొండు గంటలకు చెప్పాడు. ఆయనకు అబద్ధాలు చెప్పడం చేతకాదు. ఆ షెడ్డు ఒకసారి కళ్లారా చూడాలనుకుంటున్నానని అక్కకు చెప్పమంది చుక్కలమ్మ. వెనక నుంచి అక్క గొంతు వినబడింది: “కంపెనీ కోటు, టోపీ, బీరువా తాళంచెవి ఉన్నాయి. అంత ఉబలాటంగా ఉంటే తీసుకెళ్లి వాళ్ల మొహాన కొట్టి రమ్మను. నేను ఆ గడప తొక్కను.”

చుక్కలమ్మ వాటిని సంచిలో వేసుకుని వెళ్లింది. ఆ సంచి పుణ్యమా అని షెడ్డు లోపలికి పోనిచ్చారు. సూపర్‌వైజరు, బట్టతల పెద్దమనిషి, కోటు అందుకుని మూల వైపు చూసి తల దించుకున్నాడు.

“ఇక్కడేనా అక్క నిలబడేది?” అని అడిగింది.

“ఇక్కడే. చూడండి, మీకే తెలుస్తుంది.”

మూడు బెల్టులు అక్కడ కలిసి ఒకటవుతాయి. పెట్టెలు బారులు తీరి వస్తున్నాయి. పొడుగాటి పెట్టె ఒకటి అడ్డం తిరిగింది. ఎవరూ చూడలేదు. దాని వెనక ఇంకొకటి, దాని మీద మరొకటి ఎక్కాయి. ఎర్రదీపం వెలిగింది, బెల్టులన్నీ ఆగాయి. ఆ చివర నుంచి ముగ్గురు పరుగెత్తుకొచ్చి, పెట్టెలు లాగి, ఒకడు వేలు నలగ్గొట్టుకుని తిట్టుకుంటూ వెళ్లాడు. ఆమె అక్కడ నిలబడిన ముప్పావుగంటలో దీపం మూడుసార్లు వెలిగింది.

“మీ అక్క ఉన్నప్పుడు వారానికి ఒకసారి వెలిగేది ఇది,” అన్నాడు సూపర్‌వైజరు. “దూరం నుంచే కనిపెట్టేది. ఒక కర్ర ఉండేది ఆమె దగ్గర. పెట్టె అడ్డం తిరగబోతుంటే ఇలా చిన్నగా ఒక్క పోటు. అంతే. చూసేవాడికి ఊరికే నిలబడినట్టు ఉండేది.”

“ఆ మాట పైవాళ్లకు చెప్పలేదా మీరు?”

“నన్నెవరు అడిగారమ్మా?”

ఆ మాట వినేసరికి ఆమెకు సూపర్‌వైజరు మీద కూడా మండింది. అడగలేదు, అడగలేదు. అడగనిదే ఎవరి నోరూ పెగలదా? కానీ ఆ ప్రశ్న తననే ముందు అక్క అడిగిందని గుర్తొచ్చి, పళ్ల బిగువున ఊరుకుంది.

మేడమీద ఉద్యోగుల విభాగం. అక్కడ గుమాస్తా మర్యాదగానే మాట్లాడింది. “లిస్టు మాకు తయారుగా వచ్చిందండీ. ఉత్తరాలు కొట్టి పంపడం వరకే మా పని.” ఎవరు పంపారు? మేనేజరు గారు. మేనేజరు గది అద్దాల గది, అక్కడి నుంచి షెడ్డంతా కనబడుతుంది. ఎర్రదీపం కూడా కనబడుతుంది. ఆయన వీపు అటు పెట్టి కూర్చున్నాడు.

“ఇందులో మా ఇష్టాయిష్టాలేం లేవండీ. అరవై పాళ్లకు పైన ఉన్నవాళ్ల పేర్లు కంప్యూటరు తీసింది. లెక్క యూనివర్సిటీది. మేం ఎవరినీ వేలెత్తి చూపలేదు.”

“అరవై అని ఎవరు అన్నారు?”

“ఏదో ఒక గీత గీయాలి కదా.”

“గీసింది ఎవరు అంటున్నాను.”

ఆయన విసుగ్గా సొరుగులోంచి నివేదిక తీసి చివరి పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాడు. ‘లెక్కించినవారు’ అన్న మాట పక్కన ఆమె సంతకం ఉంది. చక్కటి, వణకని సంతకం.

“ఇది ఎవరిదో కనుక్కుని వెళ్లి అడగండి,” అన్నాడు.

“కనుక్కోనక్కర్లేదు. నాదే,” అంది ఆమె.

ఆయన ఆమెను మొదటిసారి తేరిపార చూశాడు.

ఇంటికి వెళ్లే బస్సులో ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉండలేకపోయాయి. గుమాస్తా చేయి దాటి, మేనేజరు చేయి దాటి, ప్రొఫెసర్ చేయి దాటి, ఆ పద్నాలుగు మంది బతుకు చివరికి తన సంతకం దగ్గర ఆగింది. వాళ్లంతా చేతులు దులుపుకోవడానికి ఆ ఒక్క సంతకం సరిపోయింది. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే వాళ్ల పని ఇంకా సులువవుతుంది. ఈ ఆలోచన వచ్చాక సిగ్గు పోలేదు గానీ దానికంటే కోపం పెద్దదైంది.

రెండు రోజులు సెలవు పెట్టి ఉత్తరం రాసింది. ‘కదలకుండా ఉండటం అంటే పని చేయకపోవడం అని నేను రాయలేదు. నాకు శబ్దం లేని బొమ్మలు ఇచ్చారు. వాటిలో టోపీలు మాత్రమే కనబడ్డాయి. ఎవరి పని ఏమిటో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ లెక్క మీద నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.’ దాని వెనక కదలని చీమల్ని తీసేసిన గూళ్ల పట్టిక మొత్తం, మూడేళ్లది, నకలు తీసి జతచేసింది. ప్రతులు పద్నాలుగు మందికీ, మేనేజరుకూ, ప్రొఫెసర్‌కూ, కార్మికశాఖ అధికారికీ పంపింది. అక్క ప్రతి మాత్రం పోస్టులో వేయలేదు. తీసుకెళ్లి బావ చేతిలో పెట్టింది.

నెల తిరక్కుండా కార్మికశాఖ అధికారి విచారణ పెట్టాడు. పొడుగాటి బల్ల, అటు కంపెనీవాళ్లు, ఇటు పద్నాలుగు మంది. అక్క రెండో వరసలో, చెల్లెలి వైపు చూడకుండా కూర్చుంది. ప్రొఫెసర్ కూడా వచ్చాడు. సమాచారం ఇవ్వడం వరకే పరిశోధకుల బాధ్యత అని చెప్పి, వాచీ చూసుకున్నాడు.

కంపెనీ లాయరు చుక్కలమ్మను నిలబెట్టాడు.

“మీ ఉద్యోగం చీమలకు రంగులు వేయడం. అవునా?”

“అవును.”

“మరి షెడ్డు పని గురించి, మనుషుల పని గురించి మీకేం తెలుసు?”

“ఏమీ తెలియదు,” అంది ఆమె. “అది చెప్పడానికే వచ్చాను. ఏమీ తెలియకుండా లెక్కపెట్టాను. మీరు ఏమీ చూడకుండా దాన్ని వాడారు.”

అధికారి కలం ఆపి ఆమె వైపు చూశాడు. సూపర్‌వైజరును పిలిపించమన్నాడు. ఆయన వచ్చి, ఈసారి అడిగారు కాబట్టి, ఎర్రదీపం సంగతి అంతా చెప్పాడు.

తీర్పు సగమే అనుకూలంగా వచ్చింది. తొమ్మిది మందిని వెనక్కి తీసుకోమన్నారు. మిగతా ఐదుగురి విషయంలో కంపెనీ కొత్త మాట పట్టుకొచ్చింది: అలాంటి ఉద్యోగమే కాగితాల మీద లేదు, లేని ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటాం అని. ఆ ఐదుగురిలో అక్క ఒకతి. పదకొండేళ్లు చేసిన పనికి పేరు లేదట.

మరుసటి వారం చుక్కలమ్మను గాజు సామాను కడిగే గదికి మార్చారు. ప్రొఫెసర్ స్వయంగా చెప్పలేదు, కాగితం పంపాడు. కొన్నాళ్లు మీకు విశ్రాంతి అవసరం అని అందులో ఉంది. ఆమె స్థానంలో చుక్కలు పెట్టేవాడి చేయి ఎలా ఉందో, ఎన్నిటికి కాళ్లు అతుక్కుపోతున్నాయో ఆమెకు తెలియదు. తలచుకున్నప్పుడల్లా చేతిలో గ్లాసు పగలగొట్టాలనిపించేది. రెండుసార్లు పగలగొట్టింది కూడా.

అక్క ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. వెంట బావతో పాటు మిగతా నలుగురు ఉన్నారు: పెద్ద కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన, ఇద్దరు తోటికోడళ్లు, చెవి సరిగా వినబడని ఒకామె. వంటగదిలో కుర్చీలు చాలక బావ పక్కింటి నుంచి రెండు అడిగి తెచ్చాడు. టీ పెట్టారు.

“అప్పీలు రాయాలట. నీకు రాయడం వచ్చుగా,” అంది అక్క. గొంతులో పాత చనువు లేదు. “నిన్ను క్షమించి రాలేదు నేను. అది వేరే సంగతి. ముందు ఇది కానీ.”

“సరే,” అంది చుక్కలమ్మ. కాగితం ముందుకు లాక్కుని మొదలుపెట్టింది. “మూడు బెల్టులు కలిసే చోట కదలకుండా నిలబడి...”

అక్క చేయి వచ్చి కాగితం మీద పడింది. “మళ్లీ అదే మాట. కొట్టెయ్.”

“మరేమని రాయను?”

“కాపలా కాసేదాన్ని అని రాయి. వచ్చే ప్రతి పెట్టెనూ చూసేదాన్ని అని రాయి. ఎన్ని పెట్టెలో నువ్వు లెక్కపెట్టలేదుగా. నన్నడుగు, నేను చెప్తాను.”

చుక్కలమ్మ ఆ మాట కొట్టేసింది. చెవి వినబడనామె ఏమైందని అడిగితే, పక్కావిడ ఆమె చెవి దగ్గర వంగి, గట్టిగా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చుక్కలమ్మ కొత్త కాగితం తీసుకుని, “చెప్పక్కా, పొద్దున ఎన్ని గంటలకు మొదలుపెట్టేదానివి,” అని అడిగింది.